పై గదికి వైఫై అందడం లేదు: మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే రెండు మూడు వైఫై పెట్టెలు) పెట్టాలా, తీగ లాగాలా?

మాది రెండంతస్తుల ఇల్లు, 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. రూటర్ కింద హాల్లో ఉంది. అక్కడ వేగం 90 దాటుతుంది. పైన వెనక గదిలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అసలు కనిపించదు, 2.4 గిగాహెర్ట్జ్ మీద 4-6 ఎంబీపీఎస్ వస్తుంది. రాత్రి 8 నుంచి 11 దాకా అదీ తెగిపోతుంటుంది, చుట్టూ అందరి ఇళ్లలోనూ రూటర్లే మరి. మధ్యలో కాంక్రీటు స్లాబు, 9 అంగుళాల ఇటుక గోడ అడ్డం.

2.4లో 1, 6, 11 ఛానళ్లు మార్చి చూశాను, వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించాను. రూటర్‌ను బీరువా మీదికి ఎక్కించినా తేడా లేదు. మెట్ల మలుపులో రిపీటర్ (రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే పెట్టె) పెడితే ఫోనులో సిగ్నల్ గీతలు నిండాయి, వేగం మాత్రం 10 దాటలేదు. గీతలు చూసుకుని మురిసిపోవడమే!

ఇలాంటి స్లాబు ఇంట్లో తీగ లేని మెష్ సరిపోతుందా, లేక బయటి గోడ మీదుగా క్యాట్ 6 తీగ (నెట్‌వర్క్ కేబుల్) లాగి పైన యాక్సెస్ పాయింట్ (ఆ తీగ నుంచి నెట్ తీసుకుని వైఫై ఇచ్చే పెట్టె) పెట్టాల్సిందేనా?