పేరు చూసి పక్కన పెడుతున్నారా, నాదే భ్రమా?

చీరాల_బీకాం: అందరికీ నమస్తే. మాది చీరాల దగ్గర పల్లెటూరు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి అకౌంట్స్ ఉద్యోగాలు వెతుక్కుంటున్నా. నా రూమ్మేటూ నేనూ ఒకే కాలేజీ, ఒకే ట్యాలీ కోర్సు. మార్కులు నాకే నాలుగు ఎక్కువ. ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇద్దరం అవే 40 చోట్లకి అప్లై చేశాం. వాడికి ఐదు ఫోన్లు, నాకు రెండు. వాడి పేరు చివర అందరూ గుర్తుపట్టే తోక ఉంది, నాది బైబిల్ పేరు. ఒకాయన ఫోన్లో నా పేరు రెండుసార్లు చెప్పించుకుని, "నాన్నగారు ఏం చేస్తారు?" అనడిగి పెట్టేశాడు. ఇది పేరు వల్లేనా?

సూటిమాట: టాలెంట్ ఉంటే ఎవడూ ఆపలేడు తమ్ముడూ. ఇంగ్లిష్ మీద పడు.

పాత_రిక్రూటర్: పై సలహా నేనూ చాలామందికి ఇచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పంజాగుట్టలో ఒక కన్సల్టెన్సీలో తొమ్మిదేళ్లు రెజ్యూమేలు వడకట్టాను. క్లయింటు ఏదీ కాగితం మీద పెట్టడు. ఫోన్ చేసి "మనకి సెట్ అయ్యేవాళ్లని పంపండి" అంటాడు. అర్థం చేసుకోవాల్సింది మనమే. అర్థం చేసుకునేవాణ్ణి కూడా.

నీ లెక్కకొద్దాం. అమెరికాలో బెర్ట్రండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు బోస్టన్, షికాగో పేపర్లలో పడ్డ ప్రకటనలకి దాదాపు 5,000 ఉత్తుత్తి రెజ్యూమేలు పంపారు. తెల్లవాళ్లవిగా, నల్లవాళ్లవిగా వినిపించే పేర్లని రెజ్యూమేల మీద లాటరీ తీసినట్టు వేశారు. 2004లో ఫలితాలు అచ్చయ్యాయి. తెల్ల పేర్లకి నూటికి సుమారు 9.7 పిలుపులు, నల్ల పేర్లకి 6.5. ఈ లెక్కన 40 అప్లికేషన్లకి ఒకరికి నాలుగు, ఇంకొకరికి రెండో మూడో వస్తాయి. అంత తేడా అదృష్టం వల్ల కూడా రావచ్చు. అందుకే నీ ఒక్కడి కేసులో పేరు వల్లేనని నేను చెప్పలేను, కాదని సూటిమాట గారూ చెప్పలేరు. వేలల్లో పంపితేనే బయటపడే జబ్బు ఇది.

మన దగ్గరా చేశారు. సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2005 నుంచి 66 వారాల పాటు ఇంగ్లిష్ పేపర్లలోని 548 ప్రకటనలకి 4,808 దరఖాస్తులు పంపారు. ఎంచుకున్న పేపర్లలో మన హైదరాబాద్ డెక్కన్ క్రానికల్ కూడా ఉంది. ఒకే చదువు, వేరే పేర్లు. పైకులం పేరుకి పిలుపొచ్చే ఆడ్స్ (పిలుపు వచ్చినవాటికీ రానివాటికీ నిష్పత్తి) 1 అనుకుంటే దళిత పేరుకి 0.67, ముస్లిం పేరుకి 0.33. అవన్నీ ప్రైవేటు ఉద్యోగాలే.

ఎమ్మే_ఎకో: ఒక్క మాట కలుపుతాను. అదే బెర్ట్రండ్, ముల్లైనాథన్ మరో ఇద్దరితో కలిసి ఢిల్లీ చుట్టుపక్కల చేసిన స్టడీ 2009లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చెప్పుకోదగ్గ కులం తేడా కనబడలేదు, కాల్ సెంటర్లలో కనబడింది. అన్నిచోట్లా ఒకే తీరని అనుకోకండి.

పాత_రిక్రూటర్: నిజమే. పైగా ఈ ప్రయోగాలన్నీ మొదటి పిలుపు దగ్గరే ఆగిపోతాయి. అసలు కథ ఇంటర్వ్యూలో. జోధ్కా, న్యూమన్ అనే ఇద్దరు ఢిల్లీలో హెచ్ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, దాదాపు అందరూ కుటుంబ నేపథ్యం అడుగుతామన్నారు. మన వైపు అదే పని "ఏ ఊరు, ఇంటిపేరేంటి?" అన్న రెండు ప్రశ్నలు చేస్తాయి. నేను వందలసార్లు అడిగాను.

చీరాల_బీకాం: థాంక్స్ అన్నా. భ్రమ కాకపోవచ్చని తెలిశాక మనసు కాస్త తేలికపడింది. నిన్న రాత్రి పేరు కుదించి, రెండు ఇనీషియల్స్‌తో కొత్త రెజ్యూమే చేశా. పొద్దున ఒక కంపెనీ ఫారం తెరిస్తే మొదటి గడిలోనే "పూర్తి పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా" అని ఎర్ర చుక్క పెట్టి అడిగారు. పాత పేరే కొట్టి పంపా. 41వది.