పొగాకు నియంత్రణ విధానాల అసలు ప్రభావాన్ని లెక్కించడం ఎలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2005లో అమలులోకి వచ్చిన తరువాత అనేక దేశాలలో ధూమపానం తగ్గిన మాట వాస్తవమే గాని, పలు సంపన్న దేశాలలో ఆ తగ్గుదల అంతకు దశాబ్దాల ముందే మొదలైంది. అందువల్ల, విధానాల వలన అదనంగా ఎంత తగ్గిందో తేల్చడానికి ఏ పద్ధతి నమ్మదగినదో తెలిసినవారు దయచేసి వివరించగలరా? 2012లో సాదా ప్యాకెట్లను (కంపెనీ గుర్తులు, ఆకర్షణీయమైన రంగులు లేని సిగరెట్ ప్యాకెట్లను) తప్పనిసరి చేసిన ఆస్ట్రేలియా, ఇంచుమించు అదే కాలంలో పన్నులను కూడా పెంచింది. ఈ రెండింటి ఫలితాలను విడదీయడం నాకైతే దాదాపు అసాధ్యమనిపిస్తోంది. పైగా, ధూమపానం చేసేవారి శాతం తగ్గిందన్నప్పుడు, మానేసినవారూ అసలు మొదలుపెట్టని యువతా ఆ ఒక్క అంకెలోనే కలిసిపోతారు. యువత దూరంగా ఉండడం వలన కలిగే మేలు ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలలో కనిపించడానికి దశాబ్దాలు పడుతుంది. విధానానికి ముందు, తరువాతి ధోరణులను పోల్చితే సరిపోతుందా, లేక ఆ విధానం లేని దేశాలతో పోల్చక తప్పదా?