పెసల దోసెలో బియ్యం వేయాలా, వద్దా?

తడకలేరు_అబ్బాయి: మాది అనంతపురం. అమ్మకు 68 ఏళ్లు, షుగర్. నెల నుంచి పొద్దున ఉగ్గాని, కారం దోసె మాన్పించి పెసల దోసె పెడుతున్నా. గ్లాసు పెసలు రాత్రి నానబోసి అల్లం, పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేసి రుబ్బుతా. బియ్యం గింజ కూడా వేయను. ఆఫీసులో ఒకాయన బియ్యం లేకుంటే అసలు దోసే కాదంటాడు. మీరేమంటారు?

కడప_వంటిల్లు: గుప్పెడు వేయాల్సిందే తమ్ముడూ. ఒట్టి పెసలైతే అంచు కరకరలాడదు, నడుమ ముద్దగా ఉంటుంది, తిప్పబోతే విరుగుతుంది.

బుడ్డల_చేను: పెనం బాగా కాగాక సగం ఎర్రగడ్డతో నూనె రుద్దండి. బియ్యం లేకున్నా లేస్తుంది.

తడకలేరు_అబ్బాయి: విరిగితే విరగనీ అక్కా, షుగర్ పెరగకూడదు. పెసల్లో వంద గ్రాములకు 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంది, బియ్యంలో ఏడెనిమిదే. పైగా పీచు. మరి బియ్యం ఎందుకు?

కడప_వంటిల్లు: లెక్క వేద్దాం. గ్లాసు పెసలు 200 గ్రాములు, గుప్పెడు బియ్యం 40. ఎనిమిది దోసెలొస్తే ఒక్కోదానికి బియ్యం 5 గ్రాములు. దీనికింత భయమా? ప్రోటీన్‌లో మెథియోనిన్, లైసిన్ అని భాగాలుంటాయి. పప్పులో తక్కువుండే మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది, బియ్యంలో తక్కువుండే లైసిన్ పప్పులో ఉంటుంది. మన పెద్దోళ్లు రెండూ కలిపి తిన్నది ఊరికే కాదు.

ఆదోని_అన్న: ఇంతకీ ఉగ్గాని ఏం పాపం చేసింది?

తడకలేరు_అబ్బాయి: ఈరోజు గుప్పెడు, రేపు గ్లాసు. మా నాయనకు ఇట్లే ‘కొంచెమే కదా’ అని పెట్టి పెట్టి కాలి వేలు తీయించాల్సి వచ్చింది. మీకు లెక్కలు, మాకు ఆస్పత్రులు.

కడప_వంటిల్లు: మా ఇంట్లోనూ షుగర్ ఉంది, మా అత్తకు ఇరవై ఏళ్లుగా నేనే వండి పెడుతున్నా. పొద్దున్నే పెనం ముందు నిలబడేవాళ్లకు తెలుస్తుంది. మీ ఇంట్లో దోసె పోసేది మీరేనా, మీ ఆవిడా?

తడకలేరు_అబ్బాయి: నేనే. ఆవిడ డ్యూటీకి ఆరున్నరకే పోతుంది. నాలుగున్నరకు లేచి నేనే రుబ్బుతున్నా. అమ్మ ఒకటి తుంచి, నడుమ పచ్చిగా ఉందని సగం తట్టలోనే వదిలేస్తుంది. ‘గడ్డి తిన్నట్టుంది రా, రెండు బొరుగులు నానబెట్టి ఇయ్యి’ అంటుంది. ఇంత చేసినా తినకపోతే కోపమొస్తుంది అక్కా. నాయన మాదిరి ఈమె కూడా పోతుందేమోనని భయం.

కడప_వంటిల్లు: ఆగు తమ్ముడూ. సగమే తింటోందా? మరి మాత్ర?

తడకలేరు_అబ్బాయి: ఎప్పటి మాదిరే, తినే ముందు వేస్తా. మొన్న పదకొండుకు చెమటలు పట్టి చేతులు వణికాయి. ఎండకనుకున్నా.

కడప_వంటిల్లు: ఎండ కాకపోవచ్చు. కొన్ని మాత్రలు వేసుకుని సరిగా తినకపోతే షుగర్ పడిపోతుంది. మళ్లీ అట్లయితే వెంటనే మిషన్‌తో చూడు, 70 కంటే తక్కువుంటే మూడు నాలుగు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించు. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి తీసుకుపో. తిండి మార్చిన సంగతి రేపే డాక్టరుకు చెప్పు, మాత్ర ఆయనే చూస్తాడు. నేనింతసేపు బియ్యం గురించి కొట్లాడింది దీనికే. పెద్దామె కడుపు నిండా తినాలి. దోసెలు చిన్నవిగా, పల్చగా పోసి పక్కన చెనిక్కాయల ఊరిబిండి పెట్టు, ఆమెకిష్టమైన వాసన తగిలితే తింటుంది.

తడకలేరు_అబ్బాయి: సరే అక్కా. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి తీసుకుపోతా. బియ్యం మాత్రం వేయను, పెసల్లో రెండు స్పూన్ల కొర్రలు నానబోశా.

కడప_వంటిల్లు: కొర్రల్లోనూ పిండే ఎక్కువ, దానికి బియ్యమే వేసుంటే పోయేది. సరేలే, పల్చగా పోయి.