డియర్, ఎల్క్ రెండింటికీ ఒకే రైఫిల్: ఏ క్యాలిబర్ మంచిది?

ఫ్రంట్‌రేంజ్_కుర్రాడు:
అందరికీ నమస్తే. కొలరాడో సెకండ్ రైఫిల్ సీజన్‌కి ఎల్క్ (పెద్ద జాతి జింక) ట్యాగ్, మ్యూల్ డియర్ ట్యాగ్ (వేట అనుమతులు) రెండూ ఉన్నాయి. హంటర్ ఎడ్యుకేషన్ అయిపోయింది, రైఫిలే లేదు. రెండింటికీ పనికొచ్చే బోల్ట్ యాక్షన్ (చేత్తో బోల్ట్ లాగి ఒక్కో తూటా ఎక్కించే) రైఫిల్ ఒక్కటి కొనాలి, స్కోప్‌తో కలిపి 1,300 డాలర్ల లోపు. 300 గజాలు దాటి కాల్చను. ఒకరు 6.5 క్రీడ్‌మోర్ తూటా చాలంటున్నారు, ఇంకొకరేమో ఎల్క్ అంటే .300 విన్ మ్యాగ్ ఉండాల్సిందే అంటున్నారు. హెచ్-1బి మీద ఉన్నాను, కొనడంలో ఏమైనా తిరకాసు ఉందా?

బోల్ట్_బాబాయ్:
ముందు రూలు. కొలరాడోలో ఎల్క్‌కి కనీసం .24 క్యాలిబర్ (అంగుళాల్లో బుల్లెట్ వ్యాసం), 85 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) ఎక్స్‌పాండింగ్ బుల్లెట్ (తగిలాక విచ్చుకునేది), 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల ఎనర్జీ ఉండాలి. డియర్‌కి 70 గ్రెయిన్లు చాలు. మీరు అడిగినవన్నీ ఈ గీత ఎప్పుడో దాటేశాయి.

ఇక అసలు తేడా భుజం దగ్గర తెలుస్తుంది. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో 6.5 క్రీడ్‌మోర్ రికాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) 12-13 ఫుట్-పౌండ్లు, .308 సుమారు 17, .30-06 సుమారు 20. .300 విన్ మ్యాగ్ 25 పైమాటే. 20 దాటాక చాలామందికి ఫ్లించ్ పట్టుకుంటుంది: ట్రిగ్గర్ తెగేలోపే కన్ను మూసుకుంటుంది, భుజం ముందుకు తోస్తుంది, దెబ్బ కిందికి పోతుంది. ఫ్లించ్ ఉందో లేదో తేల్చుకోవాలంటే రేంజ్‌లో ఒక స్నేహితుణ్ణి రైఫిల్ లోడ్ చేసి ఇమ్మనండి, మధ్యమధ్యలో డమ్మీ రౌండ్ (పేలని ఉత్తుత్తి తూటా) పెట్టమనండి. డమ్మీ మీద బ్యారెల్ ముక్కు కిందికి వంగిందంటే దొంగ దొరికినట్టే. మొదటి రైఫిల్‌గా .300 విన్ మ్యాగ్ లాంటి మ్యాగ్నమ్ కొనమని చెప్పేవాళ్ల మాట వినకండి.

క్యాలిబర్ కంటే బుల్లెట్ మీద ఎక్కువ ఆలోచించండి. పెద్ద బుల్ ఎల్క్ 700 పౌండ్లు తూగుతుంది, భుజం ఎముక మందం. మామూలు కప్-అండ్-కోర్ (సీసం మీద రాగి తొడుగు) బుల్లెట్ దగ్గర్లో ఆ ఎముకకి తగిలితే ముక్కలై ఊపిరితిత్తుల దాకా పోకపోవచ్చు. బాండెడ్ (తొడుగు, సీసం అతికించినది) గానీ, పూర్తి రాగిది గానీ తీసుకోండి. నోస్లర్ అక్యుబాండ్, ఫెడరల్ ఫ్యూజన్, బార్న్స్ టీటీఎస్ఎక్స్ లాంటివి. రాగి బుల్లెట్ బాగా విచ్చుకోవాలంటే తగిలేటప్పుడు సెకనుకి దాదాపు 2,000 అడుగుల వేగం ఉంటే నిశ్చింత, అందుకే రాగిలో ఒక మెట్టు తేలిక బరువు తీసుకుంటారు. ఎల్క్ లోడ్‌తో డియర్‌ని కొట్టొచ్చు, డియర్ లోడ్‌తో ఎల్క్ దగ్గరికి వెళ్లకండి. ఒకటే లోడ్ పెట్టుకుంటే జీరో (స్కోప్ గురిని తూటా పడే చోటికి సరిపెట్టడం) గొడవ కూడా ఉండదు.

నా ఓటు .30-06, 165 గ్రెయిన్ బాండెడ్. ఆ దెబ్బ ఎక్కువనిపిస్తే 7ఎంఎం-08.

రిడ్జ్‌లైన్_రావు:
బాబాయ్ గారితో సగమే ఒప్పుకుంటాను. 6.5 క్రీడ్‌మోర్‌లో 143 గ్రెయిన్ బుల్లెట్ 2,700 అడుగుల వేగంతో బయల్దేరితే 300 గజాల దగ్గర ఇంకా 1,640 ఫుట్-పౌండ్లు మిగులుతాయి. ఎల్క్‌కి పాత లెక్క 1,500. మీ దూరానికి సరిపోతుంది, కాకపోతే ఒక షరతు: పక్కకి తిరిగి నిలబడ్డ ఎల్క్ మాత్రమే. మీవైపు ఏటవాలుగా తిరిగి భుజం అడ్డం పెట్టినప్పుడు .30 క్యాలిబర్ ఇచ్చే వెసులుబాటు 6.5 ఇవ్వదు, ఆ షాట్ వదిలేయాలి. ఏదైనా సరే గురి ముందుకాలు వెనక అంచున, ఒంటి ఎత్తులో కింది మూడోవంతు దగ్గర.

డ్రాప్ టేబుళ్లు (ఎంత దూరంలో తూటా ఎంత దిగుతుందో చెప్పే పట్టికలు) చూసి మురిసిపోవద్దు. 200 గజాలకి జీరో చేస్తే 300 దగ్గర 6.5, .30-06 రెండూ ఇంచుమించు 8 అంగుళాలే దిగుతాయి. గాలికి 6.5 ఒకటి రెండు అంగుళాలు తక్కువ కొట్టుకుపోతుంది, అంతే.

రైఫిల్ సంగతికొస్తే టిక్కా టీ3ఎక్స్ లైట్, రూగర్ అమెరికన్, సావేజ్ 110 చూడండి. టిక్కా బోల్ట్ వెన్నలా జారుతుంది, కానీ ఖాళీ రైఫిల్ ఆరున్నర పౌండ్ల లోపే. అంత తేలికదాంట్లో .30-06 పైన చెప్పిన 20 కంటే గట్టిగానే తంతుంది. షాపులో చలికోటు వేసుకుని భుజానికి ఆనించి చూడండి, కోటు మీద స్టాక్ (రైఫిల్ వెనక పిడి) పొడవు అనిపిస్తే కొండమీద ఇంకా ఇబ్బంది. స్కోప్ 3-9×40 చాలు. 20 ఎక్స్ స్కోప్‌లకి డబ్బు తగలేసే బదులు ఆ తేడాతో తూటాలు కొనుక్కోండి.

పేపర్‌వర్క్_పంతులు:
వీసా సంగతి. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదనేది ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు. డీలర్ దగ్గర ఫారం 4473 (తుపాకీ కొనుగోలు ఫారం) నింపేటప్పుడు ఆ లైసెన్స్, ఐ-94 నంబరు, మీ అడ్రస్ ఉన్న స్టేట్ ఐడీ చేతిలో ఉండాలి. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: లైసెన్స్ గడువు తీరితే మినహాయింపు కూడా పోతుంది, రైఫిల్ బీరువాలో ఉన్నా సరే. గడువు తీరకముందే కొత్తది తీసుకోండి. కొలరాడోలో 2023 అక్టోబర్ నుంచి మూడు రోజుల వెయిటింగ్ కూడా ఉంది, సీజన్ ముందురోజు వెళితే చేతికి రాదు. వీసాకి సంబంధించిన వ్యవహారం కాబట్టి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒకమాట అడగడం మేలు.

టార్క్_రెంచ్:
కొన్నాక తూటాలు ఒకేచోట పడక గుంపులు చెదురుతుంటే చాలామంది తూటాని తిడతారు, తప్పు స్క్రూల దగ్గర ఉంటుంది. స్కోప్‌ని పట్టి ఉంచే బేస్ స్క్రూ రంధ్రాల్లో నూనె తుడిచేయండి. రింగ్ క్యాప్‌లు తయారీదారు చెప్పినంతే, సాధారణంగా 15-18 ఇంచ్-పౌండ్లు. అంతకుమించి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. ఐ రిలీఫ్‌ని (కంటికీ స్కోప్‌కీ మధ్య దూరం) ఎక్కువ జూమ్‌లో పెట్టి, పడుకుని కూడా సరిచూడండి. లేకపోతే .30-06 తన్నుకి స్కోప్ అంచు కనుబొమ్మ మీద అర్ధచంద్రం గీస్తుంది.

జీరోకి ముందు 25 గజాల దగ్గర మొదలుపెట్టండి. పావు ఎంఓఏ (100 గజాల దగ్గర క్లిక్‌కి దాదాపు పావు అంగుళం జరిగే) స్కోప్‌లో అక్కడ అంగుళం జరపాలంటే 16 క్లిక్‌లు, 100 గజాల దగ్గరైతే నాలుగే. 100 దగ్గర ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు పైకి పెడితే 200 జీరోకి దగ్గరగా వస్తుంది, వీలైతే 200 దగ్గరే కాల్చి చూసుకోండి. సన్న బ్యారెల్ మూడు రౌండ్లకే కాగుతుంది, చల్లారనివ్వండి. బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య కాగితం దూరుతుందో లేదో చూడండి. దూరకపోతే వేడెక్కేకొద్దీ దెబ్బ జరుగుతుంది. శుభ్రం చేశాక బోర్‌లో (బ్యారెల్ లోపల) నూనె మిగిలితే మొదటి తూటా వేరేచోట పడుతుంది, వేటలో లెక్కకొచ్చేది ఆ మొదటిదే.

డెన్వర్ ఎత్తులో జీరో చేసి 9,500 అడుగుల ఎత్తుకి వెళ్లినా 300 గజాల దగ్గర తేడా అర అంగుళం లోపే ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. కారులో మట్టిరోడ్డు మీద గంటలకొద్దీ కుదిపిన రైఫిల్‌ని మాత్రం క్యాంప్ చేరాక 100 గజాల దగ్గర ఒక్కసారి కాల్చి చూడండి.