అమ్మకు రక్తం తక్కువ, రేషన్ బియ్యంతో ఏం వండాలి?

తిరుపతి జీవకోనలో ముగ్గురం ఉంటాం. అమ్మకు 43 ఏళ్లు, నాలుగిళ్లలో పాచిపని చేస్తుంది. జనవరిలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి. డాక్టర్ ఐరన్ మాత్రలిచ్చి రాగులు, ఆకుకూరలు, గుడ్లు, మాంసం తినమన్నారు.

మొదటి నెల టీ తాగగానే మాత్ర వేసుకునేది. టీ వల్ల ఇనుము ఒంటికి సరిగా పట్టదని తెలిశాక, మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకు నిమ్మకాయ నీళ్లతో మార్చాం. మూడు నెలలు వాడినా ఏప్రిల్‌లో 8.9 మాత్రమే. మాత్రలు ఆపలేదు.

చిక్కంతా తిండి దగ్గరే. రేషన్‌లో మనిషికి 5 కిలోల బియ్యం వస్తాయి కాబట్టి మూడు పూటలా అన్నమే. బియ్యం బదులు రాగులు ఇమ్మని మా షాపులో రెండుసార్లు అడిగాను, స్టాక్ లేదన్నారు. మా అవ్వ కాలంలో బియ్యం కొనలేనివాళ్లు రాగి సంగటి తినేవాళ్లు. ఇప్పుడు అదే సంగటి నాటుకోడి పులుసుతో హోటళ్లలో డబ్బున్నవాళ్ల తిండి అయింది. తలచుకుంటే కడుపు మండుతుంది. ఇంట్లో గుడ్డు వండితే అమ్మ నాకు, తమ్ముడికి పెట్టి తను చారన్నం తింటుంది. ఎంత చెప్పినా వినదు.

తోటకూర వారానికి రెండుసార్లు వండుతున్నాం. మునగాకు దొరుకుతుంది కానీ చేదని అమ్మ తినలేకపోతోంది.

కూరలకు రోజుకు 70 రూపాయలకు మించి పెట్టలేం. ఈ రేషన్ బియ్యంతోనే, ఆ డబ్బులోనే, అమ్మకు రక్తం పెరగడానికి వారంలో ఏ రోజు ఏం వండమంటారు?