కేకు చేసే ఓటీజీలోనే పాలిమర్ క్లే కాల్చొచ్చా? మా ఇంట్లో రెండు పార్టీలు

బుల్లి_ఆవకాయ_జాడీ:
ఫ్రిజ్ తలుపుకి అంటించే మాగ్నెట్లు చేయడం మొదలెట్టి మూడు నెలలైంది. అరటాకులో భోజనం, ఇడ్లీ పాత్ర, ఆవకాయ జాడీ, అన్నీ రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దవి, అంతే. ఇన్నాళ్లూ గాలికి ఆరే క్లేతో చేశాను. జాడీ మూత పట్టుకోగానే ఊడొస్తోంది, వానాకాలం వచ్చేసరికి అరటాకు మెత్తబడి వంకర తిరిగింది. అందుకని పాలిమర్ క్లే తెప్పించాను. దాన్ని ఓవెన్లో కాల్చాలి. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఓటీజీ, అందులో మా అత్తయ్య కేకులు చేస్తారు. "పేరుకే మట్టి, అసలు ప్లాస్టిక్ అటగా. నా కేకు ట్రే పెట్టే చోట ప్లాస్టిక్ కాలుస్తానంటే కుదరదు" అనేశారు. మావారు ఎప్పట్లాగే మధ్యలో లేరు. ఒకే ఓవెన్లో రెండూ చేస్తున్నవాళ్లు ఉన్నారా? నిజంగా ప్రమాదమా, లేక చాదస్తమా?

మాడిన_గారె:
చాదస్తమే. నాలుగేళ్లుగా నా పనంతా ఒకే ఓవెన్లో. పొద్దున మాగ్నెట్లు, సాయంత్రం బిస్కెట్లు, అందరం బానే ఉన్నాం. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. ఫిమో బ్రాండు క్లేకి 110 డిగ్రీలు, అరగంట. స్కల్పీకి 130, ఆరు మిల్లీమీటర్ల మందానికి పావుగంట చొప్పున. ఇంటి ఓవెన్లో కాల్చుకోమని కంపెనీలే రాస్తున్నాయి. నేను బాత్రూమ్ టైల్ ముక్క మీద బొమ్మలు పేర్చి, పైన అల్యూమినియం ఫాయిల్ గుడారంలా కప్పుతాను. అయ్యాక లోపల తడిగుడ్డతో తుడిచేస్తే సరి.

కెమిస్ట్రీ_మేడం:
చాదస్తం అనే ముందు అత్తగారి మాటలో సగం నిజమని ఒప్పుకోండి. ఇందులో మట్టి లేదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్, రంగు. డాబా మీద నుంచి దిగే నీళ్ల పైపు జాతే. కుండ కాలినట్టు ఇది కాలదు. వేడికి పీవీసీ రేణువులు ఆ ప్లాస్టిసైజర్ని పీల్చుకుని ఉబ్బి, ఒకదానికొకటి కరుచుకుంటాయి. అంతవరకు భయం లేదు. వేడి మితిమీరితే మాత్రం పీవీసీ విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఆ తడి మన కంట్లోనూ గొంతులోనూ ఉంటుంది.

ఇంకోటి. డబ్బా మీద "నాన్ టాక్సిక్" ముద్ర చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. చేత్తో పిసికి బొమ్మ చేసుకోవడం వరకే దాని మాట. దాని మీద అన్నం పెట్టుకు తినమని కాదు.

మాడిన_గారె:
బొమ్మ ఇడ్లీని ఎవరు తింటారండీ! 130కి ఆ వాయువు రాదని మీరే అంటున్నారు. ఇంక గొడవేముంది?

కెమిస్ట్రీ_మేడం:
గొడవ 130తో కాదు. మీ ఓటీజీలో మీట 130 దగ్గర పెడితే లోపల 130 ఉందని మీకెవరు చెప్పారు?

గోదారి_కాదు_మూసీ:
నేను అత్తగారి పార్టీ. మా ఇంట్ల అయింది చెప్త. చిన్న ఓటీజీ, మీట సక్కగ 130 మీద పెట్టి బట్టలు ఆరేయనీకి పోయిన. వచ్చి చూస్తే తెల్లటి ఇడ్లీలు మిర్చి బజ్జీల రంగుకొచ్చినయి. కండ్లు ఒకటే మంట. స్విచ్ బందు చేసి, కిటికీలన్ని తెరిచి, పిల్లల్ని కిందికి పంపిన. వాసన వారం దాంక పోలే. ఆ ఓవెన్ల మళ్ల రొట్టె చేసుకోబుద్ధి కాలే, అట్లనే మూలకు పడ్డది.

మాడిన_గారె:
అక్కా, చిన్న ఓటీజీలో కాయిల్ బొమ్మ నెత్తి మీదే ఉంటుంది. గాలి వేడి ఎంతున్నా, ఎర్రబడ్డ కాయిల్ సెగ నేరుగా తగిలితే మాడక ఏం చేస్తుంది? ఫాయిల్ గుడారం చెప్పింది అందుకే. దాన్ని వదిలేసి బట్టలారేయడానికి పోవడం మీ తప్పు, క్లేది కాదు.

గోదారి_కాదు_మూసీ:
తప్పు నాదే అనుకో తమ్మీ. ఇంట్ల పనిచేసుకునేటోళ్లందరు ఓవెన్ ముంగట పీట ఏసుకుని కూసుంటరా? తప్పు జరిగితే పోయేది బొమ్మనా, తిండి వండే ఓవెనా? అది జెప్పు.

తెల్లపొణికి:
అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. అసలు ప్లాస్టిక్ ఎందుకు? కొండపల్లి బొమ్మకు ఒళ్లు తెల్లపొణికి చెక్క. దానికి చేతులు, తలపాగా, ముఖంలో తీరు తెచ్చేది మక్కు. రంపపు పొట్టులో చింతగింజల పిండి కలిపిన ముద్ద. ఓవెన్ అక్కర్లేదు, వాయువు లేదు, అత్తా కోడళ్ల తగువు లేదు. చేతిలో విద్య పెట్టుకుని పీవీసీ కొనుక్కుంటున్నాం.

మాడిన_గారె:
గౌరవం ఉంది గానీ, మక్కుతో గడ్డి పరకంత కరివేపాకు రెబ్బ తీయలేం.

తెల్లపొణికి:
తీయలేం అనకండి. మీకు రాదనండి.

బుల్లి_ఆవకాయ_జాడీ:
నాకూ రాదండీ, నేర్పితే నేర్చుకుంటాను. ఈలోపు తెచ్చిన రెండు కిలోల క్లే ఏం చేయను? కుక్కర్లో ఇసుక పోసి కేకు చేస్తాం కదా, అలా కాల్చొచ్చా?

కెమిస్ట్రీ_మేడం:
వద్దే వద్దు. ఖాళీ కుక్కర్లో అడుగు ఇసుక వేడి 200 దాటడానికి ఎంతోసేపు పట్టదు, లోపల ఎంతుందో తెలుసుకునే దారీ లేదు. మైక్రోవేవ్ అసలు పనికిరాదు. కాల్చడానికి ఒక్క వస్తువు కొనండి, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్. మీట మాట నమ్మకండి, ముల్లు మాట నమ్మండి.

క్లే కొనేటప్పుడు కూడా చూసుకోండి. పిల్లల బొమ్మల్లో థాలేట్లనే ప్లాస్టిసైజర్లు కొన్ని 0.1 శాతం మించకూడదని అమెరికా 2008లో చట్టం చేసింది. ఆ రోజుల్లో పేరున్న కంపెనీలు ప్లాస్టిసైజర్లు మార్చుకున్నాయి. పేరూ ఊరూ లేని ప్యాకెట్లో ఏ నూనె పోశారో ఎవరికెరుక.

ఇనుప_ముక్క:
ఓవెన్ సంగతి మీరు తేల్చుకోండి, అయస్కాంతం మాట నేను చెప్తాను. చిన్నగా మెరిసే నియోడిమియం బిళ్లల్ని బొమ్మలో పెట్టి కాల్చకండి. మామూలు రకాలకు 80 డిగ్రీలు దాటితే బలం పోతుంది, చల్లారాక తిరిగి రాదు. పచ్చి క్లేలో బిళ్లతో గుంట నొక్కి, బిళ్ల తీసేసి, కాల్చి, చల్లారాక రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీతో అంటించండి. ఫెవిక్విక్ తొందరగా పట్టుకుంటుంది, కానీ బొమ్మ కింద పడ్డ రోజు టక్కున విడిపోతుంది.

ఊడటం ఎందుకు ముఖ్యమంటే, పాకే పిల్లలున్న ఇంట్లో ఈ బిళ్లలు రెండు మింగితే పేగుల్లో గోడకు అటొకటి ఇటొకటి అతుక్కుని రంధ్రం చేస్తాయి. ఓవెన్ వాసన కంటే నాకు ఇదే భయం. పసివాళ్లుంటే మామూలు నల్ల ఫెర్రైట్ బిళ్ల వాడండి. బరువు తక్కువ మోస్తుంది, కాబట్టి జాడీ పల్చగా చేయాలి.

బుల్లి_ఆవకాయ_జాడీ:
పది రోజుల తర్వాత వస్తున్నాను. థర్మామీటర్ కొన్నాను. మీట 130 దగ్గర పెట్టి కూర్చున్నాను, నిజంగానే పీట వేసుకుని. కాయిల్ ఎర్రబడ్డప్పుడు ముల్లు 165 దాకా ఎక్కింది, ఆరినప్పుడు 115కి దిగింది. మీట 100 దగ్గర పెట్టి, లోపల టైల్ ఉంచి, ఇరవై నిమిషాలు ముందే వేడి చేస్తే 120 నుంచి 130 మధ్య తిరుగుతోంది. రెండు ఫాయిల్ ట్రేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి క్లిప్పులు పెట్టి అందులో కాల్చాను. ఇడ్లీలు ఇడ్లీల్లాగే వచ్చాయి. జాడీ మూత పట్టుకుని లాగినా ఊడలేదు.

మాడిన_గారె:
చూశారా! నాలుగేళ్ల నుంచి నేను చెప్పేది అదే.

కెమిస్ట్రీ_మేడం:
మీరు నాలుగేళ్లలో ఒక్కసారైనా థర్మామీటర్ పెట్టారా?

మాడిన_గారె:
నా ఇడ్లీలు తెల్లగానే ఉన్నాయి మేడం. నాకు అదే థర్మామీటర్.

గోదారి_కాదు_మూసీ:
165 అంటే గట్లనే మాడినయి మావి. ఇంతకు అత్తమ్మ ఒప్పుకుందా లేదా?

బుల్లి_ఆవకాయ_జాడీ:
మీ మాటలన్నీ చదివి వినిపించాను. మూసీ అక్క ఇడ్లీలు మిర్చి బజ్జీలైన దగ్గర మళ్లీ చదవమన్నారు. తర్వాత లేచి తన కేకు ట్రే, బీటర్ తీసుకుని అటక మీద పెట్టారు. "ఆ ఓవెన్ నువ్వే ఉంచుకో. మా రోజుల్లో ఓవెన్లుండేవా, ఇసుక కుక్కర్లో చేసేదాన్ని" అన్నారు. కొత్త ఓటీజీ కావాలంటే మాగ్నెట్లు అమ్మి కొనిపెట్టమన్నారు, అది వేరే సంగతి.

తెల్లపొణికి:
మక్కు నేర్చుకుంటానన్నారు, మరిచిపోకండి.

మాడిన_గారె:
కుక్కర్ కేకు ఎలా వచ్చింది మరి?

బుల్లి_ఆవకాయ_జాడీ:
అడుగు మాడింది. ఎవరం ఏమీ అనలేదు.