కాంపౌండ్ విల్లు: పేపర్‌లో ఎడమ చిరుగు పోవడం లేదు, ముందు ఏం మార్చాలి?

టెక్సస్‌లో జింకల ఆర్చరీ సీజన్ దగ్గర పడుతోంది, నా విల్లు ఇంకా కుదురుకోలేదు. కుడిచేతి వాటం, 60 పౌండ్ల డ్రా వెయిట్ (తాడు లాగడానికి కావలసిన బలం), హైబ్రిడ్ కామ్ (విల్లు రెండు చివర్లలో తిరిగే చక్రాల్లో ఒక రకం), పై కామ్‌కు యోక్ కేబుల్ (చివర రెండుగా చీలి కామ్‌కు అటూ ఇటూ కట్టే తాడు). 28 అంగుళాల కార్బన్ బాణాలు, 400 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె, తక్కువైతే బాణం గట్టిది), మొన బరువు 100 గ్రెయిన్లు.

బాణం నిటారుగా పోతోందా అని చూడటానికి ఆరడుగుల నుంచి కాగితం మీద వేస్తే మొన చేసిన గుండ్రటి రంధ్రం కుడివైపు, ఈకల మూడు గీతలు దానికి ఎడమగా అంగుళంన్నర దూరంలో పడుతున్నాయి, అంటే ఎడమ చిరుగు. ఎత్తులో తేడా లేదు. ఈకలు లేని బాణం 20 గజాల్లో కుడికి పోతోంది. 30 గజాల్లో ఫిక్స్‌డ్ బ్రాడ్‌హెడ్లు (కదలని బ్లేడ్ల వేట మొనలు) ఫీల్డ్ పాయింట్ల (సాధన మొనలు) కంటే నాలుగు అంగుళాలు కుడికి.

రెస్ట్‌ను (బాణం ఆనించే ఆధారం) కొద్దికొద్దిగా ఎడమకు జరిపాను. సెంటర్‌షాట్ (విల్లు నడిమి భాగం నుంచి బాణానికి ఉన్న దూరం) 13/16 నుంచి 15/16 అంగుళానికి వచ్చింది, చిరుగు సగమే తగ్గింది. ఇంకా జరపడం నాకు సరిగా అనిపించడం లేదు. ఈకలకు పౌడర్ చల్లి చూశాను, ఎక్కడా తగలడం లేదు. నాక్ (బాణం తోకన తాడు పట్టే గాడి) తిప్పినా అంతే. డ్రా బోర్డు (విల్లును లాగి పట్టి ఉంచే పలక) మీద రెండు కామ్‌లూ ఒకేసారి స్టాప్‌కు (లాగుడు ఆగే చోటు) చేరుతున్నాయి. పట్టు తేడానేమో అని స్నేహితుడితో వేయించాను. అతనికీ ఎడమ చిరుగే.

ఫీల్డ్ పాయింట్లతో గురి బాగానే ఉంది. కానీ బ్రాడ్‌హెడ్ ఇలా పక్కకు పోతుంటే జింక గాయపడి పారిపోతుంది, అది నాకు ఇష్టం లేదు.

ఇలాంటి స్థితిలో ముందు యోక్‌కు మెలికలు వేసి కామ్ వాలు (చక్రం పక్కకు ఒరగడం) సరిచేయాలా, లేక 340 స్పైన్ బాణాలకు మారాలా?